నడుస్తూ చేసే రెండో పని
(ఇబ్రహీంపట్నంలో ఇచ్చిన స్మారక ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసానికి ఒక కుటుంబం తమ తల్లి జ్ఞాపకార్థం నిధి ఇచ్చింది. వేదిక మీద ఆమె పేరు చెప్పి పొగడొద్దని, ఆమె ఈడు ఆడవాళ్లకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పమని అడిగింది. ఆ కోరిక నాకు చాలా నచ్చింది. అందుకే ఇవాళ చిన్నదిగా కనిపించే విషయం ఒకటి ఎంచుకున్నాను. అరవై దాటిన ఆడమనిషి నడుస్తూ నడుస్తూ ఇంకో పని కూడా చేస్తే, ఆమె ఒంట్లో, మెదడులో ఏం జరుగుతుంది?

ఇదీ ఒక విషయమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ఆడవాళ్లు ఖాళీ చేతులతో, ఖాళీ మనసుతో నడిచింది ఎన్నడు? చంకన పిల్ల, నెత్తిన గంప, కొంగున డబ్బుల ముడి, నోట బేరం, మనసులో పొయ్యి మీద పెట్టి వచ్చిన పాలు. ‘ఒక్క చేతితో పది పనులు చక్కబెడుతుంది’ అని మెచ్చుకుంటాం కూడా. ఆ మెచ్చుకోలును ఇవాళ కాస్త తరచి చూద్దాం. నేను చెప్పదలచింది క్లుప్తంగా ఇది: నడకతోపాటు రెండో పని చేయగలగడం ఒక శక్తి. దాన్ని కొలవొచ్చు, సాధనతో పెంచొచ్చు. కానీ కాలు జారే చోట మాత్రం ఆ శక్తికి పరీక్ష పెట్టకూడదు.

1997లో స్వీడన్‌లోని ఉమెయో పట్టణం నుంచి లిలెమోర్ లుండిన్-ఓల్సన్ అనే పరిశోధకురాలు, ఇద్దరు సహచరులతో కలిసి, లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. వృద్ధుల వసతి గృహాల్లో ఉండే 58 మంది పక్కన నడుస్తూ మామూలుగా మాట కలిపారు. అందులో 12 మంది జవాబివ్వడానికి నడక ఆపేశారు. ఆ తర్వాత ఆరు నెలలు వాళ్లందరినీ గమనించారు. ఆగిన 12 మందిలో 10 మంది ఎప్పుడో ఒకప్పుడు కింద పడ్డారు. ఆగకుండా మాట్లాడిన 46 మందిలో పడ్డవాళ్లు 11 మంది. యంత్రం లేదు, రక్తపరీక్ష లేదు. పక్కన నడుస్తూ ఒక మాట మాట్లాడటమే పరీక్ష.

దీన్నుంచి రెండు సంగతులు గ్రహించాలి. ఆగడం వల్ల ఎవరూ పడలేదు. నడకకూ మాటకూ కలిపి మెదడు చాలడం లేదని ఆ ఆగడం మనకు చెబుతోంది. రెండోది, ఆగనంత మాత్రాన భయం లేదనుకోవడానికీ వీల్లేదు. ఆ 11 మంది సంగతి మరిచిపోకూడదు.

ఎందుకిలా జరుగుతుంది? వయసులో ఉన్నప్పుడు నడక దాదాపు దానంతటదే సాగుతుంది. వెన్నుపాము, చిన్నమెదడు, మెదడు లోపలి పొరల్లోని కేంద్రాలు ఆ పని చూసుకుంటాయి. మనం వేరే ఏదో ఆలోచించుకుంటూ పోతాం. వయసు మీద పడ్డకొద్దీ చూపు మందగిస్తుంది. చక్కెర జబ్బు ఉంటే అరికాళ్లకు స్పర్శ తగ్గుతుంది. తొడ కండరం చిక్కిపోతుంది. కిందనుంచి రావలసిన కబురు సరిగా అందక, పైనున్న అధికారి స్వయంగా కాళ్లను చూసుకోవలసి వస్తుంది. ఆ అధికారి నుదుటి వెనక ఉండే మెదడు భాగం. లెక్క కట్టడం, మాట వెతకడం, దారి నిర్ణయించుకోవడం కూడా దాని పనులే. పొలం దగ్గర బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారినట్టు, కాళ్లకూ లెక్కకూ ఒకే తీగలోంచి కరెంటు పోవలసి వచ్చినప్పుడు రెండిట్లో ఏదో ఒకటి మందగిస్తుంది. ఏది మందగించాలో సరిగా ఎంచుకోవడం ఇక్కడ కీలకం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు తెలియకుండానే మాట తగ్గించి కాళ్లను కాపాడుకుంటారు. పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్లు చాలాసార్లు ఆ ఎంపిక చేసుకోలేరని నెదర్లాండ్స్ న్యూరాలజిస్టు బాస్ బ్లూమ్ చూపించారు. వాళ్లు మాటా వదలరు, నడకా ఆపరు. పడతారు.

ఇక ఆడవాళ్ల సంగతి. 2017లో జ్యూరిక్‌లోని బాల్‌గ్రిస్ట్ ఆసుపత్రిలో టిమ్ కిలీన్ బృందం 18 నుంచి 80 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులను 83 మందిని ట్రెడ్‌మిల్ మీద నడిపించింది. నడుస్తుండగా తెర మీద రంగుల పేర్లు చూపించారు. ‘ఎరుపు’ అన్న మాట ఆకుపచ్చ సిరాతో ఉంటుంది. చదవకుండా సిరా రంగు చెప్పాలి. మగవాళ్లలో ఏ వయసువారికైనా ఈ పని మొదలవగానే కుడిచేయి ఊగడం తగ్గింది. కుడిచేతిని నడిపేది ఎడమ మెదడు. మాటల పని ఎక్కువగా చేసేదీ అదే. అరవై లోపు ఆడవాళ్లలో మాత్రం చేయి మునుపటిలాగే ఊగింది. అరవై దాటిన ఆడవాళ్లలో ఆ తేడా పోయింది, మగవాళ్లలాగే వాళ్ల కుడిచేయీ మందగించింది. ముట్లు ఆగిన తర్వాత తగ్గే ఈస్ట్రోజెన్ హార్మోనుకు ఇందులో పాత్ర ఉండొచ్చని ఆ పరిశోధకులు ఊహించారు. నుదుటి వెనక భాగంలో ఆ హార్మోనును అందుకునే గ్రాహకాలు ఉన్నాయి.

అది ఇంకా ఊహే. అయినా ఇక్కడ కూర్చున్న మనం దాన్ని తేలిగ్గా తీసుకోలేం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. నలభైతొమ్మిదేళ్ల లోపే గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో అందరికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో. నొప్పి అని వెళితే ‘పిల్లలు పుట్టారు కదా, ఇంకెందుకది’ అని తీసేసిన సందర్భాలు ఈ సభలో చాలామందికి తెలుసు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. జ్యూరిక్ వాళ్లు అరవై దగ్గర గీసిన గీత మన ఆడవాళ్లకు ఇంకా ముందే వచ్చి ఉండొచ్చన్న అనుమానం నాకుంది. అందుకే ఇలాంటి నడక పరీక్షలకు అరవై దాకా ఆగకండి. యాభైలోనే మొదలుపెట్టమంటాను.

అయితే జ్యూరిక్ పరీక్షను యథాతథంగా ఇబ్రహీంపట్నం తెస్తే పనిచేయదు. మన పల్లెల్లో అరవై దాటిన ఆడవాళ్లలో చాలామంది బడి గడప తొక్కలేదు. రంగు పేరు చదవడం రానివారికి ఆ తికమకే కలగదు. న్యూయార్క్‌లో జో వర్గీస్ బృందం నడుస్తూ ఒక అక్షరం విడిచి ఒక అక్షరం చెప్పమంటుంది. చాలాచోట్ల వందలోంచి ఏడు తీసేస్తూ రమ్మంటారు. ఇవన్నీ పలక పట్టినవాళ్ల పరీక్షలు. అక్షరం రాని అవ్వకు ఇవి పెట్టి, తప్పిందని బుద్ధి మందగించిందనుకుంటే అన్యాయం ఆమెకే.

అక్షరం రాకపోయినా ఆ బుర్రల్లో ఉన్న సాధన తక్కువది కాదు. 2013లో హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది. చదువు రానివారిలోనూ ఆ మేలు కనిపించింది. ఇబ్రహీంపట్నం సంతలో కూరగాయలమ్మే అవ్వను చూడండి. ఒకరితో తెలుగులో బేరమాడి, తల తిప్పి ఇంకొకరికి దక్కనీ ఉర్దూలో ధర చెప్పి, మూడో మనిషికి చిల్లర లెక్క ఇస్తుంది. ఒక భాషను అణచి ఇంకో దానికి మారడం నుదుటి వెనక ఉన్న ఆ అధికారి పనే. ఆ పని ఆమె యాభై ఏళ్లుగా రోజూ చేస్తోంది.

అదే అవ్వను బస్టాండులో చూద్దాం. ఎల్‌బీ నగర్ పోయే బస్సు వచ్చింది. ఎడమ చంకలో పాలకూర కట్టల సంచి. కుడిచేతిలో ఆధార్ కార్డు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి జీరో టికెట్టుకు అది చూపాలి. వెనకనుంచి తోపు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద ఉంది, రెండో కాలు ఇంకా నేల మీదే ఉంది. అప్పుడు ఆమె తలెత్తి అడుగుతుంది, ‘బిడ్డా, ఇంజాపూర్ల ఆగుతదా?’ ఒంటికాలి మీద శరీరం నిలబడ్డ ఆ క్షణంలో ఆమె సంచి పట్టుకుంటోంది, కార్డు కాచుకుంటోంది, ప్రశ్న అడుగుతోంది, జవాబు కోసం చెవి నిగిడిస్తోంది. కమ్మీ పట్టుకోవడానికి ఖాళీ చేయి లేదు. సంతలో ఆమెకు బలంగా నిలిచిన అలవాటే ఇక్కడ ఆమెను పడగొడుతుంది. పడితే తప్పు ఆమె మీదికే పోతుంది, ‘చూసుకోవద్దా అవ్వా’ అంటారు.

పడటం చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 6,84,000 మంది కింద పడటం వల్ల చనిపోతున్నారు. అందులో నూటికి ఎనభై మందికి పైగా మనలాంటి అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవాళ్లే. తుంటి ఎముక విరిగినవారిలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. మన ఆడవాళ్ల విషయంలో పడటానికి ముందే ఎముక సగం ఓడిపోయి ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం గుర్తుచేస్తాను. హైదరాబాద్‌లో 30 నుంచి 60 ఏళ్ల లోపు పేద కుటుంబాల స్త్రీలను 289 మందిని చూశారు. వాళ్ల తిండిలో రోజుకు అందే కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. ఇప్పుడు అదే సంస్థ పెద్దవాళ్లకు 1000 మిల్లీగ్రాములు కావాలంటోంది. ఎముక సాంద్రత తక్కువగా ఉన్నవాళ్లు ఆ స్త్రీలలో ఎందరో ఉన్నారు. వంద గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తైద అంబలి మన ఇళ్లలోంచి పోయి దుకాణంలో ఖరీదైన పొట్లంగా తిరిగొచ్చింది. దాన్ని మళ్లీ కుండలోకి తెచ్చుకోవాలి.

పోషకాహార సంస్థ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 1987 నుంచి 1990 దాకా ఆ సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక అధ్యయనం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చారు, 14 పల్లెలను పోలిక కోసం ఉంచారు. పుట్టిన పిల్లల ఎదుగుదలను ఆ తర్వాత దశాబ్దాల పాటు గమనించారు. 2010-12లో తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కలుపుకుని దాదాపు ఏడు వేల మందిని పరీక్షించారు. గర్భంతో ఆ ఆహారం తిన్న తల్లులకు ఇప్పుడు యాభై ఐదూ అరవై ఏళ్లు. పిల్లల కోసం మొదలైన లెక్క అది. ఆ తల్లుల నడకను ఇకనైనా లెక్కలోకి తీసుకోవలసిన సమయం వచ్చింది.

కొలవడం కష్టమేమీ కాదు. మీ ఇంట్లో గట్టి కుర్చీ ఒకటి వేయండి. దాని ముందు నుంచి మూడు మీటర్లు, అంటే దాదాపు పదడుగులు కొలిచి గీత గీయండి. అవ్వ కుర్చీలోంచి లేచి, గీత దాకా నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. 1991లో పాడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు స్థిరపరచిన పరీక్ష ఇది. 12 సెకన్లు గానీ, అంతకంటే ఎక్కువ గానీ తీసుకుంటే కింద పడే ముప్పు ఉందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంటుంది. కాసేపు ఆగి మళ్లీ చేయించండి, ఈసారి చేతిలో గ్లాసెడు నీళ్లు పెట్టి. మొదటిసారికీ రెండోసారికీ తేడా నాలుగున్నర సెకన్లు దాటితే జాగ్రత్తపడాలని ఇందాక చెప్పిన లుండిన్-ఓల్సన్ బృందమే 1998లో తేల్చింది.

మూడోసారి మాటల పని పెట్టండి. అక్షరాలు వద్దు, అంకెలు వద్దు. ‘అవ్వా, ఎల్‌బీ నగర్ నుంచి మనూరికి వచ్చే దారిల ఊళ్లు చెప్పు’ అనండి. బీఎన్ రెడ్డి నగర్, ఇంజాపూర్, తుర్కయంజాల్, బొంగ్లూరు, మంగళపల్లి, శేరిగూడ అని ఆమె అలవోకగా చెప్పేస్తే, వెనక నుంచి చెప్పమనండి. అప్పుడు చూడండి ఆమె కాళ్లను. అడుగు చిన్నదవుతోందా, పక్కకు తూలుతోందా, ఆగిపోతోందా? ఆగితే తొందరపెట్టకండి. ఒక మనిషి మాత్రం ఆమె పక్కనే చేయి అందేంత దూరంలో నడవాలి, ముగ్గు వేసిన తడి వాకిట్లో ఈ పరీక్ష చేయకూడదు. నడక నెమ్మదించడంతోపాటు ‘ఈ మధ్య మరుస్తున్నా’ అని ఆమే చెబుతుంటే డాక్టరుకు చూపించండి. ఈ రెండూ కలిస్తే ముందుముందు మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని జో వర్గీస్ 2013లో ప్రతిపాదించారు. ఆయన బృందం కేరళలోని కోజికోడ్‌లో కూడా పెద్దవాళ్ల మీద ఇదే విషయం పరిశీలించింది.

ఇప్పుడు సాధన సంగతి. మన దగ్గర ఉన్న గొప్ప వ్యాయామాన్ని మనం పండుగ అనుకుని తొమ్మిది రోజులకే పరిమితం చేశాం. బతుకమ్మ ఆటను దగ్గర నుంచి చూడండి. ఆడవాళ్లు వలయంగా నిలబడతారు. అడుగు పక్కకు పడుతుంది, నడుము వంగుతుంది, వంగి ఒకసారి చప్పట్లు, లేస్తూ ఇంకోసారి చప్పట్లు. ముందున్న మనిషికీ వెనకున్న మనిషికీ మధ్య దూరం తప్పకూడదు. ఒకామె పాట అందుకుంటే మిగతావాళ్లు పల్లవి పలకాలి. కథ పాటైతే ఏ చరణం తర్వాత ఏది వస్తుందో గుర్తుండాలి. మధ్యలో కొత్త మనిషి వచ్చి చేరితే వలయం సర్దుకోవాలి. బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నంతసేపూ జ్ఞాపకం, లయ, చూపు పనిచేస్తూనే ఉంటాయి. రెండు పనులు కావు, నాలుగైదు పనుల నడక అది.

దీనికి దగ్గరి బంధువు స్విట్జర్లాండ్‌లో ఉంది. ఎమిల్ జాక్-దాల్‌క్రోజ్ అనే సంగీత గురువు నూరేళ్ల కిందట అక్కడ సంగీతానికి తగ్గట్టు ఒంటిని కదిలించే పద్ధతి ఒకటి రూపొందించాడు. 2011లో జెనీవాకు చెందిన ఆంద్రెయా త్రోంబెత్తి బృందం పడే ముప్పున్న 134 మంది పెద్దవాళ్లకు ఆ పద్ధతి నేర్పింది. అందులో దాదాపు అందరూ స్త్రీలే. వారానికి ఒక గంట, ఆరు నెలలు. పియానో లయ మారితే అడుగు మారాలి. చేతిలో ఏదో వస్తువు పట్టుకుని, తోటివారికి తగలకుండా తిరగాలి. ఆరు నెలలు తిరిగేసరికి కింద పడటం సగానికి పైగా తగ్గింది. రెండు పనులు కలిసినప్పుడు అడుగు కూడా పెద్దదైంది.

వాళ్లకు పియానో ఉంది, మనకు చప్పట్లు ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే, వాళ్లు వారం వారం చేశారు, మనం ఏడాదికోసారి పెద్ద చెరువు దగ్గర ఆడి ఇంటికొస్తాం. అందుకే మహిళా సంఘాలకు నా ప్రతిపాదన ఇది. సంఘం సమావేశం రోజున పొదుపు లెక్కలు ముగిశాక గంటసేపు, చదునైన నేల మీద, చెప్పులు సరిగా ఉండగా, బతుకమ్మ అడుగులు ఆడండి. మధ్యలో పూలే ఉండనక్కర్లేదు, బిందె పెట్టుకున్నా చాలు. మోకాళ్లు వంగనివాళ్లు నిలబడే చప్పట్లు కొట్టాలి. తూలేవాళ్లు కోడలి చేయి పట్టుకుని ఆడాలి. మధ్యమధ్యలో పాట మార్చండి, తిరిగే దిక్కు మార్చండి. మార్పు లేకపోతే ఆట మళ్లీ అలవాటైపోతుంది, మెదడుకు పని ఉండదు.

సాధన ఒక పక్క. ముప్పున్న చోట బరువు దించడం రెండో పక్క. ఇందులో పని అవ్వది కాదు, మనది. ఆమె మెట్లు దిగుతుంటే పైనుంచి పిలవకండి, కిందికి వెళ్లి అడగండి. ఫోను మోగితే పరుగెత్తవద్దనండి, రెండోసారి మోగుతుంది. రాత్రి మంచానికీ బాత్రూముకూ మధ్య దీపం ఉండాలి. బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీ బిగించండి. బస్సు ఎక్కేటప్పుడు సంచి ముందు మనం అందుకోవాలి. కార్డు, ప్రశ్న కూర్చున్నాక. కళ్లలో శుక్లం ఉంటే ‘ఈ వయసులో ఎందుకులే’ అనకండి. నాటింగ్‌హామ్‌లో డెబ్బై దాటిన 306 మంది స్త్రీల మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి కంటి ఆపరేషన్ ఆలస్యం చేయకుండా చేస్తే పడటం మూడో వంతు తగ్గింది.

రెండో పనిని మన ఆడవాళ్ల జీవితంలోంచి తీసేయమని నేను చెప్పలేదు. అది వాళ్లకు తిండి పెట్టింది, బుద్ధికి పదును పెట్టింది. చదునైన నేల మీద దాన్ని పెంచుకోనివ్వండి. తడిసిన గచ్చు మీద, మెట్టు మీద, కదిలే బస్సులో మాత్రం ఆమెకు ఒకే పని మిగలాలి, నడక. మాట్లాడుతూ నడుస్తున్న అవ్వ ఆగిందంటే మనమూ ఆగుదాం.

కుర్చీ, కొలత టేపు, నీళ్ల గ్లాసు ఈ వేదిక పక్కనే ఉన్నాయి. సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను. మీ అమ్మను, అత్తను, అవ్వను తీసుకుని రండి, ఒక్కొక్కరి నడక చూసి ఇంటికి పంపుతాను. ఆశా కార్యకర్తలు కూడా ఉండి నేర్చుకుంటే రేపటి నుంచి ఈ పని వాళ్లే చేయగలరు.